పేరడగని తలారి

పొద్దు పడమటికి వాలుతున్నా ఆ లోయలో మంచు విడలేదు. చెట్లున్నాయి గాని ఆకు కదలదు. రాళ్ల మీద నాచు ఉంది గాని చీమ పాకదు. పక్కనే ఏరు పారుతోంది గాని చప్పుడు లేదు. తన కాలి కింద ఎండుటాకు నలిగినా, ఎవరో వెనక నడిచి వస్తున్నట్టే ఉంది విధికుడికి. ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఇక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, పెట్టుకున్న మరుక్షణం మళ్లీ చూశాడు. ఎవరూ లేరు.

ఎక్కడో పైన, లోయ అవతలి కొండ కొమ్ము మీద, డప్పు మాత్రం మోగుతోంది. అది గండశిల రాజ్యపు డప్పు. ఏటేటా మాఘ పున్నమినాడు గండశిల వాళ్లు తమ కొండదేవతకు ఒక మనిషిని బలి ఇస్తారు. పొద్దు గుంకగానే కత్తి దిగాలి. ఇవాళే పున్నమి. ఈ ఏటి మనిషి విధికుడి సొంత అన్న, మూలసిరి.

అన్న ఆ కొండ మీదికి ఎలా చేరాడో, తమ్ముడు నున్నటి గుండుతో, కాషాయ చీవరంతో, భుజాన జోలెతో ఈ దిక్కుమాలిన లోయలో ఎందుకు తడుముకుంటున్నాడో తెలియాలంటే, తామ్రగిరి ఏలిక అరిందమ మహారాజు గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

ఒకప్పుడు ఆయన పేరు చెబితే ఏడ్చే పిల్లలు నోరు మూసేవారు. నీలవాగు యుద్ధంలో ఏటి నీళ్లు ఎర్రబడ్డాయనీ, ఆ నీళ్లు తాగిన గొడ్లు ఈనలేదనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ యుద్ధం గెలిచిన రాత్రి రాజుకు అన్నం సహించలేదు. మర్నాడూ సహించలేదు. చివరికి లేచి వెళ్లి, దారిన పోయే భిక్షువుల పాదాల దగ్గర కూర్చున్నాడు. అక్కడినుంచి లేచింది వేరే మనిషి. బుద్ధ భగవానుని మాటలు రాతి కంబాల మీద చెక్కించి కూడలి కూడలికీ నిలబెట్టాడు. బాటల పక్కన బావులు తవ్వించాడు, మనుషులకే కాక గొడ్లకు కూడా వైద్యశాలలు కట్టించాడు. యజ్ఞశాల గుంజలకు కట్టిన మేకలను విప్పించాడు. వేటగాళ్లు వలలు చుట్టి పెట్టి తేనె తీయడం నేర్చుకున్నారు. కత్తులు సాగగొట్టే కమ్మరులు కొన్నాళ్లు గొణుక్కున్నారు గాని, నాగటి కర్రులకు బేరం పెరిగేసరికి రాజు చల్లగా ఉండాలని వాళ్లే దీవించారు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అన్న నోళ్లే, రాజు తలుచుకుంటే ధర్మానికి కొదవా అనడం మొదలుపెట్టాయి. లోకం తీరే అంత.

అందరికీ పని మారింది. విధికుడికి మాత్రం పనే పోయింది. తాతల నాటి నుంచీ వాళ్లు రాజుగారి తలారులు. వేటు పడ్డ మెడ మళ్లీ వేటు అడగకూడదన్నది ఆ ఇంటి పరువు. ఇక ఈ రాజ్యంలో ఎవరి తలా తీయవద్దని చాటింపు వేయించిన నాడే రాజు విధికుణ్ణి పిలిపించాడు.

"నా మాట మీద ప్రాణాలు తీసిన చెయ్యి నీది. పాపం నాది, చెయ్యి నీది. ఇప్పుడు నా మాట మీద ఒక ప్రాణం నిలబెట్టు" అన్నాడు.

గండశిల రాజు అప్పటికే ఒక కబురు పంపి ఉన్నాడు. మీ బుద్ధుడి ధాతువు తెచ్చి మా కొండ మీద ప్రతిష్ఠించండి, మేం నరబలి మానేస్తాం. అది వచ్చేదాకా మీ మనిషి ఒకడు మా దగ్గర ఉండాలి. పున్నమి పొద్దు గుంకేలోగా ధాతువు రాకపోతే బలిపీఠం మీద పడుకునేది అతడే. ఇదీ ఆ కబురు. నేనుంటానని మూలసిరి ముందుకు వచ్చాడు. "మోసుకొచ్చేది మా తమ్ముడైతే నాకేం భయం? పీఠం పక్కనే నీడలో కూర్చుని కునుకు తీస్తాను" అని నవ్వుతూ వెళ్లాడు.

ధాతువంటే బుద్ధుడి ఒంటిలోని అవిసె గింజంత ఎముక తునక, దానికొక స్ఫటికపు బరిణె. ఆ బరిణె ఇప్పుడు విధికుడి మట్టి భిక్షాపాత్రలో ఉంది. పాత్ర మూతికి గుడ్డ కట్టి జోలెలో పెట్టుకున్నాడు. భిక్షువు వేషం ధూమకేశి అనే మాంత్రికుడి కళ్లు కప్పడానికి. పాత రోజుల్లో యజ్ఞశాలకు పెద్ద దిక్కు వాడే. నెత్తురు పారినంత కాలం వాడి మంత్రాలు పారాయి. బలులు ఆగాక ఒక్కొక్క మంత్రమే ఎండిపోయింది. ఇక నెత్తురు దొరికే చోటు గండశిల ఒక్కటే మిగిలింది. అక్కడికి ధాతువు చేరిందంటే వాడి కథ కంచికే. అందుకని రాచబాట అంతటా వాడి మనుషులు కాపు వేసి, తామ్రగిరి భటుడు కనబడితే చాలు చంపేస్తున్నారు. అందుకే ఈ వేషం, ఈ లోయ దారి.

విధికుడి తల గొరిగి చీవరం కట్టినవాడు నాగబోధి అనే ముసలి భిక్షువు. సరిహద్దు ఊరి దాకా తోడు వచ్చి, అక్కడ చలిజ్వరంతో మంచం పట్టాడు. మంచం మీంచే రెండు మాటలు చెప్పాడు.

"వేషమే కదా అనుకోకు నాయనా. వేషానికీ నియమాలుంటాయి, తప్పావా దొరికిపోతావు. ఇంకోటి. ఆ ధాతువును ఇవ్వకుండా లాక్కున్నవాడి చెయ్యి బూడిదవుతుంది, అది ధూమకేశికి కూడా తెలుసు. కాబట్టి వాడు లాక్కోడు. నీ చేతులతో నువ్వే ఇచ్చేట్టు చేస్తాడు."

ఆ మాట తలుచుకుంటూ విధికుడు జోలెను ఛాతీకి హత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే, మంచులోంచి గంట మోగింది.

కొండను తొలిచి కట్టిన విహారం అది. వాకిట రాతి స్తంభాలు, వాటి మీద విచ్చిన తామరలు, తామరల నడుమ చేతులు జోడించిన నాగరాజులు. మెట్లకు రెండు వైపులా ఏనుగుల వరస చెక్కి ఉంది. ఏ శిల్పి చేతి చలవో, ఒక్కొక్క ఏనుగు ఒక్కొక్క రకంగా తొండం ఎత్తింది. చూడముచ్చటైన చోటు. కాని మెట్ల మీద పరచిన తెల్లటి ఇసుకలో ఒక్క పాదం ముద్ర కూడా లేదు. లోపలినుంచి మాత్రం భిక్షువులు బారు కట్టి బయటకు వస్తున్నారు. ఇసుక మీద నడుస్తున్నారు. ఇసుక నలగడం లేదు.

వాళ్ల ముందు ఒక స్థవిరుడు, అందరికీ పెద్దయిన ముసలి భిక్షువు, గొరిగిన తల, వంగిన నడుము, ముఖం నిండా చల్లటి నవ్వు.

"రా ఆయుష్మంతుడా, అలసిపోయి వచ్చావు. ఎన్ని వర్షావాసాలు గడిపావు?" అని అడిగాడు.

భిక్షువుల్లో పెద్దరికం పుట్టిన ఏడును బట్టి కాదు. చీవరం కట్టాక ఎన్ని వానాకాలాలు విహారంలో గడిపితే అంత పెద్ద. ఎవరు ఎవరికి మొక్కాలో తేలేది ఆ లెక్కతోనే. నాగబోధి ఇది నేర్పే ఉన్నాడు.

"ఒక్కటీ లేదు భంతే. నిన్నగాక మొన్న చీవరం కట్టాను."

"నాకు అరవై దాటాయి" అని స్థవిరుడు రెండు చేతులూ చాచాడు. "ఆ పాత్ర ఇలా ఇవ్వు. నువ్వు కాళ్లు కడుక్కో."

విధికుడి చెయ్యి జోలెలోకి వెళ్లింది. పెద్దవాడు అడిగితే ఇవ్వకపోవడం ఎలా? పాత్ర అంచు వేలికి తగిలింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది. సరిహద్దు ఊళ్లోకి అడుగుపెట్టినప్పుడు చిన్న భిక్షువులు పరుగున ఎదురొచ్చి నాగబోధి పాత్ర అందుకున్నారు, విధికుడి పాత్రను ఎవరూ ముట్టుకోలేదు. "చిన్నవాడి పాత్ర పెద్దవాడు అందుకోడు నాయనా. నీ బరువు నువ్వే మోసుకోవాలి" అని ముసలాయన నవ్వాడు. ఏ విహారంలోనైనా పాలు మరిచిన పిల్లవాడికి కూడా తెలిసిన మర్యాద అది. అరవై వానాకాలాల స్థవిరుడికి తెలియదా?

తానే దొంగ భిక్షువు. ఇంతవరకూ తన దొంగతనం బయటపడుతుందేమోనన్న భయమే విధికుడికి. ఎదుటివాడు తనకంటే పెద్ద దొంగ కావచ్చునన్న ఆలోచన ఇప్పుడే పుట్టింది.

"మీరు నా పాత్ర మోస్తే నాకు మహాపాపం భంతే" అన్నాడు.

స్థవిరుడి నవ్వు చెదరలేదు. చాచిన చేతులు వెనక్కి పోలేదు. గొరిగిన తల మీద, వెంట్రుక మొలిచే ప్రతి చోటునుంచీ సన్నటి పొగ లేస్తోంది.

విధికుడు ఒక అడుగు వెనక్కి వేసి భిక్షువుల బారు వంక చూశాడు. అందరూ చీవరాలను గడ్డం దాకా లాగి కప్పుకున్నారు. ఒకడిది మాత్రం జారింది. మెడ చుట్టూ దారం కట్టినట్టు సన్నటి గీత, కుడివైపు సూటిగా వచ్చి, చివర ఎడమ భుజం వైపుకు కొద్దిగా వాలింది.

ఆ వాలు విధికుడు ఎక్కడున్నా గుర్తుపడతాడు. తండ్రి వేటు నేరుగా దిగేది. తాత వేటు పైకి తేలేది. ఎడమకు వాలేది తన వేటు.

పక్కవాడి చీవరం జారింది. అదే గీత. ఆ పక్కవాడిది జారింది. బారు పొడుగునా ఒకరి తర్వాత ఒకరు మెడలు బయటపెట్టారు. అందరివీ తన చేతి గీతలే.

"గుర్తుపట్టావా తలారీ?" అని ధూమకేశి నడుము నిటారుగా చేశాడు. ఒంటి మీది చీవరం జారిపోయింది. నెత్తి మీది పొగ జడలుగా అల్లుకుని భుజాల మీద పడింది. "మీ రాజు కంబాలు నాటాడు, బావులు తవ్వాడు, పశువులకు మందు పోశాడు. బతికున్నవాళ్లకు ఎంతో చేశాడు. వీళ్లకు ఏం చేశాడు? ఒక్కడికి పిండం లేదు, ఒక్కడికి సమాధి లేదు. పేరు తెలిసినవాడు ఒక్కడు లేక గాలికి తిరుగుతుంటే నేను తెచ్చి గుడ్డ కట్టాను. ఇప్పుడు వీళ్లు నా మనుషులు. పాత్ర ఇచ్చేస్తే నీ దారిన నువ్వు పోతావు. ఇవ్వకపోతే వీళ్ల బాకీ వీళ్లు తీర్చుకుంటారు."

విధికుడు పాత్రను మరింత గట్టిగా పట్టుకున్నాడు. "ఇవ్వను. ఇస్తే మా అన్న పోతాడు."

బారు చెదిరి వలయమైంది. చల్లటి చేతులు విధికుడి భుజాల మీద, వీపు మీద, మెడ మీద పడ్డాయి. ఎవరి ఊపిరీ తగలడం లేదు. వాళ్లలో మొదట చీవరం జారినవాడు ముఖంలో ముఖం పెట్టాడు. వెడల్పాటి భుజాలు, తెడ్డు పట్టి కాయలు కాసిన అరచేతులు.

"నా పేరు చెప్పు. చెబితే వదిలేస్తాం" అన్నాడు.

అబద్ధమాడితే నమ్మేవాళ్లు కారు. నిజం చెబితే బతకనిచ్చేట్టూ లేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తలారుల ఇంట్లో ఒక ఆచారం ఉంది. వధ్యశిల దగ్గర చాటింపువాడు నేరగాడి పేరూ ఊరూ చదివేటప్పుడు తలారి చెవుల్లో మైనం కుక్కుకుంటాడు. పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుంది, వణికితే వేటు తప్పుతుంది, మనిషి నరకం చూస్తాడు. దయతో పెట్టుకున్న ఆచారమే అది. కొడుక్కి మొదటి మైనపు ముద్ద తండ్రి తన చేత్తో చేసి ఇస్తాడు.

"తెలియదు" అన్నాడు విధికుడు. "మీలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. వినపడకుండా చెవులు మూసుకునేవాణ్ణి. తప్పు చేశాను. ఇప్పుడు మైనం లేదు. చెప్పు, వింటాను. నీ పేరేమిటి?"

మెడ మీది చేతులు ఆగిపోయాయి.

"అడక్కు" అని ధూమకేశి కేక పెట్టాడు. వాడి గొంతులో మొదటిసారి భయం పలికింది. పేరులేని ప్రేతాలనే వాడి మంత్రం కట్టిపెడుతుంది మరి.

"కన్హడు" అన్నాడు ఆ వెడల్పు భుజాలవాడు. చాలా కాలం నోట్లో దాచుకున్నది బయటపెట్టినట్టు మెల్లగా అన్నాడు. "నీలవాగు రేవులో పడవ నాది. రాజుగారి పట్టపుటేనుగును దాటించమన్నారు. పడవ మునుగుద్ది సామీ అన్నాను. రాజు మాటకు ఎదురు చెప్పానని నీ దగ్గరికి తోలారు. తరవాత మునిగింది లే, పడవా ఏనుగూ రెండూనూ." ఆ ముఖంలో నవ్వులాంటిది ఏదో కదిలింది. "ఒక్కడు అడుగుతాడని చూస్తన్నానయ్యా ఇన్నాళ్లూ. మా ఆడదానికి కూడా నేను ఎక్కడ పోయానో తెలీదు."

విధికుడు ఏడ్చాడు. సిగ్గుపడకుండా, వాళ్లందరి నడుమా నిలబడి ఏడ్చాడు. "కన్హా, నేను బతికి తిరిగొస్తే రేవుకు వెళ్లి మీ ఇంటివాళ్లకు చెబుతాను. నీలవాగు ఒడ్డున నీ పేరు చెక్కించమని రాజును అడుగుతాను."

"నన్ను కూడా అడుగు" అన్నాడు వెనకనుంచి ఒకడు. "నన్నడుగు", "నన్నడుగు" అని వాకిలంతా గుసగుసలతో నిండిపోయింది. ధూమకేశి రెండు చేతులూ ఎత్తి ఏదో మంత్రం అందుకున్నాడు. ఒక్కడు కూడా అటు తిరగలేదు. వాడు పళ్లు కొరికి, పొగగా చుట్టుకుని, మెట్లు దాటి మంచులో కలిసిపోయాడు.

అప్పుడే పైన డప్పు దరువు మారింది. తలారి కొడుక్కి దరువులు ఇంకొకరు చెప్పాలా? మనిషికి నీళ్లు పోసేటప్పుడు ఒక దరువు, మెడలో దండ వేసేటప్పుడు ఒక దరువు, కత్తి ఎత్తేటప్పుడు దరువే ఉండదు. ఇప్పుడు దండ వేస్తున్నారు.

విధికుడు ఒక్క పరుగున విహారం వెనక్కి వెళ్లాడు. కొండ రెండుగా చీలిన చోటు అది. అడుగు కనిపించని అగాధం, అవతలి గట్టు మీద గండశిల మెట్ల దారి. రెండు గట్లకూ కట్టిన తాళ్ల వంతెన ఉండాలి. పొగ ఇంకా లేస్తున్న రెండు తాళ్ల మొదళ్లు మాత్రమే ఉన్నాయి. పిడికెడంత రాయి ఒకటి కాలికి తగిలి లోపలికి జారింది. అడుగుకు తగిలిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు.

అక్కడే కూలబడిపోయాడు. "అన్నా" అన్న ఒక్క మాటే వచ్చింది నోట.

భుజం మీద చల్లటి చెయ్యి పడింది. కన్హడు.

"మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చడమే గదయ్యా నా పని. పడవ లేకపోతే ఏం, భుజాలున్నాయి."

గట్టు మీది మద్ది వేరును ఒక చేత్తో పట్టుకుని కన్హడు అగాధంలోకి ఒరిగాడు. అతడి రెండో చెయ్యి పట్టుకుని ఇంకొకడు గాలిలోకి వాలాడు, వాడి చెయ్యి పట్టుకుని మరొకడు. చచ్చినవాడికి బరువుండదు గనక ఎవరూ కిందికి జారలేదు. కాషాయపు బారు మంచును చీల్చుకుంటూ సాగి సాగి, అవతలి గట్టు మీది రాయిని ఎవరిదో చెయ్యి పట్టుకున్న చప్పుడు వినిపించింది.

విధికుడు అంచున నిలబడ్డాడు. కాలు లేవలేదు. తాను నరికిన మెడల పక్కన పాదం పెట్టి నడవాలి.

"ఎయ్యి అడుగు" అన్నాడు కన్హడు కిందినుంచి. "మీ అన్న పేరేంది?"

"మూలసిరి."

"పేరు తెలిసినోణ్ణి చావనీయకూడదు. నడు."

విధికుడు ఆ భుజం మీద కాలు మోపాడు. రాయిలా నిలబడింది. జోలెను రెండు చేతులా పట్టుకుని రెండో అడుగు వేశాడు. పాదం ఆనగానే కింద ఉన్నవాడు, "బుధిలుణ్ణి, కుండలు చేసేవాణ్ణి" అన్నాడు. "విన్నాను బుధిలా" అని విధికుడు ముందుకు కదిలాడు. "రేవుణ్ణి. రాజుగారి తోటలో మామిడికాయ కోశాను." "విన్నాను రేవా." "హంఘుణ్ణి. ఏ తప్పూ చెయ్యలేదు." "విన్నాను హంఘా" అని ఎలాగో అన్నాడు. అడుగుకో పేరు, పేరుకో ఊరు. చెప్పినవాడి ముఖం తేటపడుతోంది. కిందినుంచి గాలి పైకి కొడుతోంది, చీవరం కాళ్లకు చుట్టుకుంటోంది, పైన దరువు అంతకంతకూ వేగం పుంజుకుంటోంది. విధికుడు పరుగులాంటి నడక అందుకున్నాడు.

సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి ఒక భుజం పలకలేదు.

"నీ పేరు చెప్పు" అన్నాడు విధికుడు.

పాదం కింది ఒళ్లు చల్లగా లేదు. వెచ్చగా ఉంది. విధికుడు మెల్లగా తల వంచి చూశాడు. కాషాయపు చీవరం, వాల్చిన ముఖం, నున్నటి మెడ. ఆ మెడ చుట్టూ ఏ గీతా లేదు. దాని మీద గొరిగిన తలనుంచి సన్నటి పొగ లేస్తోంది.

ధూమకేశి ముఖం ఎత్తాడు. మెట్ల మీద కనిపించిన అదే చల్లటి నవ్వు. వాడి కుడిచేతిలో ఇవతలి బారు చివరివాడి చెయ్యి ఉంది, ఎడమచేతిలో అవతలి బారు మొదటివాడి చెయ్యి ఉంది.

"లాక్కోనులే" అన్నాడు గుసగుసగా. "నువ్వే చెప్పు తలారీ. పాత్ర ఇస్తావా, చేతులు వదలమంటావా?"

వెనక గట్టునుంచి కన్హడు ఏదో అరుస్తున్నాడు. గాలిలో మాట తెలియడం లేదు. పైన దరువు ఆగిపోయింది.

విధికుడు జోలెలోంచి పాత్ర తీశాడు.